వడ్డీ లెక్కయు కళాశాల చదువును

గత సంవత్సరము పండ్రెండవ తరగతి పరీక్షలు ముగిసిన పిమ్మట విద్యార్థి యొకడు మడతపెట్టిన కాగితమొకటి తీసికొని మాయొద్దకు వచ్చెను. అతని అక్క నర్సింగు కళాశాలలో చేరినప్పుడు రుసుము చెల్లించుటకై తండ్రి యొక ఫైనాన్సు సంస్థలో 60,000 రూపాయలు అప్పు తీసికొనియుండెను. నెలకు 3,000 చొప్పున ఇరువదినాలుగు వాయిదాలు. కాగితము ఇంగ్లీషులోను తమిళములోను అచ్చుపడియున్నది. తండ్రి తెలుగు మాత్రమే చదువనేర్చినవాడు. "నూటికి పదే కదా సార్, ఊళ్లో రూపాయి వడ్డీ కన్నా తక్కువే అని నాయన సంతకం పెట్టినాడు. ఇప్పుడు నా చదువుకు కూడా అక్కడే తీసుకుందామంటున్నాడు" అని ఆ బాలుడు చెప్పెను.

తండ్రి వేసిన లెక్కలో పైకి తప్పేమియు కానరాదు. రూపాయి వడ్డీ యనగా నెలకు నూటికి ఒక రూపాయి, సంవత్సరమునకు పండ్రెండు. పండ్రెండుకంటె పది తక్కువయే. కాని ఆ కాగితములోని పదియు, గ్రామములోని పండ్రెండును ఒకే కొలతతో కొలిచినవి కావు. ఈ భేదమును తెలిసికొనుటకు వలసిన గణితమంతయు ఆ బాలుడు క్రింది తరగతులలోనే చదివియుండెను. బారువడ్డీ, చక్రవడ్డీ లెక్కలలో అతనికి ఎన్నడును మార్కులు తగ్గలేదు. అయినను పాఠ్యపుస్తకములోని వడ్డీకిని నాయన సంతకము చేసిన కాగితమునకును సంబంధమున్నదని అతనికి తోచలేదు. ఇందు దోషము ఆ బాలునిది కాదు. మేము బోధించిన విధానమునదే. ఆ లోపమును కొంతవరకైనను పూరించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో ఈ విషయమునకు మరియొక విశేషము కూడ కలదు. 2006లో వచ్చిన తమిళనాడు తమిళ అభ్యసన చట్టము ననుసరించి నేటి బాలబాలికలందరు తమిళము చదువుచున్నారు, ఇంగ్లీషు నేర్చుచున్నారు. మన పెద్దలలో అనేకులు తమిళము చక్కగా మాట్లాడుదురేగాని చదువలేరు. అందువలన బ్యాంకు నుండి వచ్చిన జాబు గాని, ఫైనాన్సు వారి నోటీసు గాని ఇంటికి చేరినప్పుడు దానిని చదివి చెప్పవలసినవాడు పదునైదు పదునారేండ్ల విద్యార్థియే యగుచున్నాడు. అక్షరములు చదివి వినిపించినంత మాత్రమున కాగితము చదివినట్లు కాదు. అంకెలను కూడ చదువవలెను.

ఇక ఆ కాగితములోని పది సంగతి చూతము. 60,000 రూపాయలపై నూటికి పది చొప్పున రెండేండ్లకు వడ్డీ 12,000. అసలుతో కలిపి 72,000. దానిని ఇరువదినాలుగుచే భాగించగా 3,000. లెక్క సరిపోయినది. అనగా ప్రతి వాయిదాలోను 2,500 అసలు, 500 వడ్డీ. మొదటి నెల బాకీ 60,000. దానిపై 500 వడ్డీ న్యాయమే. రెండవ నెల బాకీ 57,500. వడ్డీ మాత్రము 500. ఒక సంవత్సరము గడచి సగము అసలు తీరిన పిమ్మటను వడ్డీ 500 లే. చివరి నెలలో బాకీ 2,500 మాత్రమే యుండగా వడ్డీ మరల 500! ఆ ఒక్క నెలకు చూచినచో అది నూటికి ఇరువది రూపాయల వడ్డీ. ఎంత క్రూరుడైన వడ్డీ వ్యాపారియు నోరు తెరచి అడుగజాలని రేటు అది. కాగితముపై మాత్రము "సంవత్సరమునకు నూటికి పది" అని మర్యాదగా అచ్చుపడియున్నది. దీనినే వ్యాపారులు "ఫ్లాట్ రేటు" అందురు. తీర్చివేసిన అసలుపై కూడ వడ్డీ చెల్లించుట దీని స్వరూపము.

నిజమైన రేటు ఎంత? విద్యార్థి చేయదగిన స్థూలమైన లెక్క యొకటి కలదు. మొదటి నెల బాకీ 60,000, చివరి నెల బాకీ 2,500. వీని సగటు 31,250. అనగా ఆ కుటుంబము రెండేండ్ల కాలము సగటున 31,250 రూపాయలు మాత్రమే వాడుకొన్నది. దానికై సంవత్సరమునకు 6,000 వడ్డీ యిచ్చినది. నూటికి 19 పైచిలుకు. ప్రతి నెల బాకీని తగ్గించుకొనుచు సూక్ష్మముగా గణించినచో 18 పైచిలుకు తేలును. ఇది రూపాయి వడ్డీ కంటె తక్కువ కాదు. రూపాయిన్నర వడ్డీకి మించినది. అంతటితో కూడ కాలేదు. కాగితపు ఖర్చుల పేర 1,500 ముందుగనే పట్టుకొని 58,500 మాత్రమే చేతికిచ్చిరి. వాయిదాలు మాత్రము తగ్గలేదు. దానిని కూడ చేర్చి లెక్కించినచో ఇంచుమించు 21 అగును. నల్లబల్లపై ఈ లెక్క వేసి చూపునప్పుడు ఆ బాలుడు ఒక్క మాటయు పలుకలేదు. తండ్రికి ఎట్లు చెప్పవలెనాయని ఆలోచించుచున్నట్లు మాకు తోచినది.

ఫైనాన్సు సంస్థల కాగితములు మాత్రమే మాయలని తలపరాదు. గ్రామములోని ప్రాంసరీ నోటు సంగతి కూడ చూడదగినది. రెండు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు తీసికొన్నచో నెలకు 2,000, సంవత్సరమునకు 24,000. మూడేండ్లకు 72,000. బాకీ వసూలునకు దావా వేయుటకు చట్టము మూడేండ్ల గడువు నిర్ణయించినది. కనుక మూడేండ్లు నిండకముందే ఋణదాత వచ్చి నోటు తిరిగి వ్రాయుమనును. తిరిగి వ్రాయునప్పుడు లక్షకు కాదు, 1,72,000 కు వ్రాయించును. ఇంకొక మూడేండ్లకు దానిపై వడ్డీ 1,23,840. ఆరేండ్లకు మొత్తము 2,95,840. నోటు తిరుగవ్రాయకుండ బారువడ్డీ యే నడచియున్నచో అది 2,44,000 మాత్రమే. నడుమనున్న 51,840 రూపాయలు ఒక్క సంతకము వలన పుట్టినవి. చక్రవడ్డీ యనుమాట ఆ నోటులో ఎచ్చటను కానరాదు. పుస్తకములో చక్రవడ్డీ సూత్రమును కంఠస్థము చేసిన విద్యార్థి నోటు తిరుగవ్రాయునాడు ఇంటిలో ఉండియు దానిని గుర్తింపలేకపోయినచో ఆ సూత్రము వలన ఏమి ప్రయోజనము?

చక్రవడ్డీని నోటితో లెక్కించుటకు పాత గుర్తొకటి కలదు. 72 ను వడ్డీ శాతముచే భాగించినచో అసలు ఇంచుమించు ఎన్నేండ్లకు రెట్టింపగునో తెలియును. నూటికి 8 చొప్పున తొమ్మిదేండ్లు. 24 చొప్పున మూడేండ్లు. మనము దాచుకొను సొమ్ము తొమ్మిదేండ్లకు రెట్టింపగుటయే గొప్ప. చేయు అప్పు మూడేండ్లకే రెట్టింపగుచున్నది.

మితిమీరిన వడ్డీలను నిషేధించుచు తమిళనాడులో 2003లో ఒక చట్టము వచ్చినది. దినవడ్డీ, గంటవడ్డీ, కందువడ్డీ, మీటరు వడ్డీ, తండల్ అను పేర్లన్నియు అందు వరుసగా వ్రాయబడియున్నవి. చట్టము చేయువారికి ఇన్ని పేర్లు అవసరమైనవన్నచో జనులు ఎన్ని విధముల పీడింపబడియుండిరో ఊహింపవచ్చును.

ఇప్పుడు మన ప్రాంతపు వారికి మిక్కిలి ఉపయోగపడు సంగతి యొకటి చెప్పెదము. మేము విచారించినంతలో దీనిని ఎరిగినవారు బహు స్వల్పము. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిలులో ఒక ఉత్తరువు జారీ చేసినది. దాని ప్రకారము 2024 అక్టోబరు 1వ తేదీ మొదలు బ్యాంకులు గాని, రిజర్వు బ్యాంకు అదుపులోని ఫైనాన్సు సంస్థలు గాని సామాన్యులకు వాయిదాల ఋణమిచ్చునప్పుడు "కీ ఫాక్ట్స్ స్టేట్‌మెంట్" అను ముఖ్యాంశముల పత్రమును సంతకమునకు ముందే ఇయ్యవలెను. ఋణమెంత, వాయిదా లెన్ని, ఏయే రుసుములు పట్టుకొందురు, వాయిదా తప్పినచో జరిమానా యెంత అను వివరములతోపాటు రుసుములన్నియు కలిపిన నిజమైన సాలుసరి రేటు కూడ అందుండవలెను. ఆ రేటును "ఏ.పి.ఆర్." అని వ్రాయుదురు. పైన మేము నల్లబల్లపై కష్టపడి తేల్చిన 21 వంటి అంకెయే అది. ఈ పత్రములో చూపని రుసుమును ఋణగ్రహీత స్పష్టముగ అంగీకరింపనిదే తరువాత విధింపరాదు. పత్రమును పుచ్చుకొని ఆలోచించుకొనుటకు కనీసము మూడు పనిదినముల గడువు కూడ ఉన్నది. ఏడు దినములకు లోపడిన చిల్లర ఋణములకు మాత్రము ఒక్క దినమే.

అన్నింటికంటె ముఖ్యమైన మాట యింకొకటి యా యుత్తరువులో నున్నది. ఈ పత్రము ఋణగ్రహీతకు అర్థమగు భాషలో ఉండవలెను; దానిని అతనికి వివరించి, అర్థమైనదని ఒప్పుదల తీసికొనవలెను. సాధారణముగ బ్యాంకు ఫారములు హిందీ, ఇంగ్లీషు, ప్రాంతీయభాష అను మూడింటిలో నుండును. మన జిల్లాలో ఆ మూడింటిలో తెలుగు లేదు. కాని ఈ పత్రము విషయమున నియమము "ప్రాంతీయభాష" అని గాక "అర్థమగు భాష" అని చెప్పుచున్నది. కాబట్టి తెలుగు మాత్రమే చదువగల తండ్రి తెలుగులో నిమ్మని అడుగుట గొంతెమ్మ కోరిక కాదు, నియమమున కలిగిన హక్కు. అడుగుటకు జంకి, "సరే సార్, ఎక్కడ పెట్టాలి సంతకం" అని కలము తీసికొనుట మనవారిలో చిరకాలముగ పాతుకొన్న అలవాటు.

కళాశాల చదువునకు బ్యాంకులిచ్చు విద్యాఋణము పైన చెప్పిన అప్పులకంటె చాల మేలైనది. సాధారణ పద్ధతిలో 4 లక్షల వరకు హామీగా ఆస్తి చూపనక్కరలేదు. 2015లో కేంద్ర ప్రభుత్వ మేర్పరచిన హామీ నిధి క్రిందికి వచ్చు ఋణములకు 7.5 లక్షల వరకు తాకట్టు లేదు. చదువుచున్నంత కాలమును, ఆ తరువాత ఒక సంవత్సరమును వాయిదాలు కట్టనక్కరలేదు. తిరిగి చెల్లించుటకు పదునైదేండ్ల వరకు గడువు దొరకును. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకము క్రింద ఎంపికైన ఉన్నత విద్యాసంస్థలలో సీటు పొందినవారికి తాకట్టును, జామీనుదారును లేకయే ఋణము లభించును. కుటుంబ వార్షికాదాయము 8 లక్షలకు మించనిచో, 10 లక్షల వరకు గల ఋణముపై ఆ విరామ కాలమునకు వడ్డీలో నూటికి మూడు వంతున ప్రభుత్వము భరించును. అయితే అన్ని కళాశాలలును ఆ జాబితాలో లేవు. సీటు పుచ్చుకొనుటకు ముందే చూచుకొనవలెను.

ఇంత మేలైన ఋణములో కూడ విద్యార్థి గమనింపవలసిన చోటొకటి కలదు. వాయిదాలు కట్టనక్కరలేదన్నంత మాత్రమున వడ్డీ నిలిచిపోదు. నాలుగేండ్ల చదువునకు ఏటేట లక్ష చొప్పున 4 లక్షలు తీసికొన్నచో, నూటికి పది వడ్డీ ప్రకారము మొదటి సంవత్సరము 10,000, రెండవ సంవత్సరము 20,000, మూడవదానికి 30,000, నాలుగవదానికి 40,000, చదువు ముగిసిన తరువాతి విరామ సంవత్సరమునకు ఇంకొక 40,000 — వెరసి 1,40,000 పేరుకొనును. దీనిని అసలులో కలిపి 5,40,000 పై పదేండ్లకు వాయిదా కట్టినచో నెలకు ఇంచుమించు 7,136 రూపాయలు. అట్లుగాక చదువుకాలములో వడ్డీని మాత్రము ఎప్పటికప్పుడు చెల్లించినచో 4 లక్షలపైననే వాయిదా, నెలకు 5,286. ప్రతి నెలకు 1,850 తగ్గినది. పదేండ్లలో 2,22,000. ముందుగ చెల్లించిన 1,40,000 పోగా 82,000 మిగులుచున్నవి. మొదటి సంవత్సరములో ఆ వడ్డీ నెలకు 833 రూపాయలు మాత్రమే. చదువుకాలములో వడ్డీ చెల్లించువారికి రేటులో కొంత తగ్గించు బ్యాంకులును గలవు, అడిగి తెలిసికొనవచ్చును.

అందరు తండ్రులును ఆ 833 కట్టగలరని మేము చెప్పజాలము. పూలతోటలలోను, కర్మాగారములలోను దినకూలికి పోవు కుటుంబములలో అదియు బరువే. కట్టలేనివారు సిగ్గుపడవలసిన పనిలేదు. కాని కట్టగలిగియుండి, "ఇప్పుడు కట్టనక్కరలేదన్నారు" అని ఆ సొమ్ముతో క్రొత్త సెల్‌ఫోను వాయిదాలలో తెచ్చుకొను యువకులను మేము చూచియున్నాము.

సంతకము విషయమై ఒక మాట. పదునెనిమిదేండ్లు నిండనివాడు చేసికొన్న ఒప్పందము మన కాంట్రాక్టు చట్టము ప్రకారము చెల్లదు. పండ్రెండవ తరగతి ముగించువారిలో అనేకులు పదునేడేండ్లవారే. వారి పక్షమున తలిదండ్రులు సంతకము చేయుదురు. విద్యాఋణములో తండ్రియో తల్లియో ఉమ్మడి ఋణగ్రహీతగ నుందురు. వాయిదా తప్పినచో ఇరువురి ఋణచరిత్రయు చెడును. రేపు చెల్లెలి చదువునకు అదే తండ్రి బ్యాంకునకు పోయినప్పుడు అన్న మానివేసిన వాయిదాలు అచ్చట కనబడును.

అప్పునకు ముందు అప్పు కానిదానిని వెదకుకొనవలెను. కేంద్ర ప్రభుత్వపు కళాశాల విద్యార్థి వేతనము పండ్రెండవ తరగతిలో తమ బోర్డు పరీక్షార్థులలో పైనున్న నూటికి ఇరువదిమందిలో చేరినవారికి దొరకును, కుటుంబాదాయము 4.5 లక్షలకు మించరాదు. పట్టభద్ర కోర్సులలో ఏటికి 12,000 రూపాయలు. తమిళనాడులో ప్రభుత్వ పాఠశాలలందు ఆరవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వరకు చదివిన బాలికలకు నెలకు 1,000 రూపాయలిచ్చు పుదుమై పెణ్ పథకము 2022లోను, బాలురకు తమిళ్ పుదల్వన్ పథకము 2024లోను ఆరంభమైనవి. సహాయక పాఠశాలలకు ఈ పథకములు విస్తరించినప్పుడు తమిళ మాధ్యమములో చదివినవారికే పరిమితి యేర్పరచిరి. తెలుగు మాధ్యమమున చదివిన మనవారు తమ పాఠశాల ప్రభుత్వమునదో సహాయకమో, ఆ యేటి నిబంధన యెట్లున్నదో కళాశాలలో చేరకముందే విచారించుకొనవలెను. కుటుంబములో మొదటి పట్టభద్రులకు వృత్తివిద్యా రుసుములో రాయితీ కలదు. దానికి తహశీలుదారు నుండి ప్రత్యేక ధ్రువపత్రము తేవలెను. ఆ పత్రము ఆలస్యమై రాయితీ పోగొట్టుకొన్న ఇండ్లు ఉన్నవి.

మనకు సరిహద్దు దగ్గర. ఒకవైపు బెంగళూరు నలువది కిలోమీటర్ల దూరమున నున్నది. మరియొకవైపు కుప్పములో 1997లో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయ మున్నది. తెలుగు చదివిన బాలబాలికలు కుప్పము, తిరుపతి వైపు చూచుట సహజము. బస్సులోనే పోయి రావచ్చునని బెంగళూరు వైపు చూచుటయు సహజమే. కాని తమిళనాడు ప్రభుత్వము నెలనెల ఇచ్చు సహాయము ఆ రాష్ట్రములో చదువువారికి ఉద్దేశించినది. ఆంధ్ర, కర్ణాటక ప్రభుత్వముల రుసుము సహాయములు ఆయా రాష్ట్రముల స్థానికులకు ఉద్దేశించినవి. సరిహద్దు దాటిన విద్యార్థికి ఈ రెండును దొరకకపోవచ్చును. దాటవలదని మా అభిప్రాయము కాదు. రెండు కళాశాలల రుసుమును పోల్చునప్పుడు దొరకు సహాయమును తీసివేసిన పిమ్మటి అంకెలను పోల్చవలెనని మాత్రము చెప్పుచున్నాము.

చీటీపాటను గూర్చి కొంత చెప్పక తప్పదు. మన ఇండ్లలో కళాశాల రుసుమునకు చీటీ ఎత్తుట పరిపాటి. ఇరువదిమంది నెలకు 5,000 చొప్పున కట్టు లక్ష రూపాయల చీటీలో రెండవ నెల ఒకరు 75,000 కే పాడుకొన్నారనుకొందము. తగ్గిన 25,000 లో నిర్వాహకుని కమీషను 5,000 పోగా మిగిలిన 20,000 ఇరువదిమందికి తలకొక వేయి చొప్పున పంచబడును. అనగా ముందుగ ఎత్తినవారికి అది అప్పు; చివర ఎత్తినవారికి పొదుపు. ఒకే చీటీలో ఇరుగుపొరుగువారిలో ఒకరు ఋణగ్రహీత, ఒకరు ఋణదాత. ఏర్పాటు చక్కనిదే. చిక్కంతయు నిర్వాహకుడు మంచివాడగుటపై నున్నది. అందుచేతనే 1982 నాటి చిట్‌ఫండుల చట్టము రిజిస్ట్రేషనును నిర్బంధము చేసినది. నిర్వాహకుని కమీషనునకు అయిదు శాతముగా నున్న పరిమితిని 2019లో ఏడు శాతమునకు పెంచిరి. "తెలిసిన అక్కయ్యే కదా" అని రసీదు లేకుండ కట్టిన సొమ్ము ఆ అక్కయ్య ఊరు విడిచిననాడు ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

బ్యాంకు ఖాతా విషయము ఇప్పుడు సులభమైనది. పదేండ్లు నిండిన బాలబాలికలు స్వయముగ పొదుపు ఖాతా నడుపుకొనుటకు రిజర్వు బ్యాంకు అనుమతించినది. ఎంత సొమ్ము వరకు అను పరిమితిని ఆయా బ్యాంకులు పెట్టుకొనును. బ్యాంకు దివాలా తీసినను ఒక్కొక్కరికి 5 లక్షల వరకు భీమా కలదు. 2020కి పూర్వము అది లక్షయే. 2016లో వచ్చిన యూపీఐ వలన టీకొట్టు వద్ద కూడ సెల్‌ఫోనుతోనే చెల్లించుచున్నాము. ఈ విషయమున ఒక్క సంగతి గుర్తుంచుకొన్నచో సగము మోసములు తప్పును: రహస్య సంఖ్యను నొక్కుట సొమ్ము పంపుటకేగాని పుచ్చుకొనుటకు కాదు. "నీకు విద్యార్థి వేతనము వచ్చినది, సంఖ్య నొక్కుము" అని ఎవరైన చెప్పినచో వాడు దొంగ. మోసపోయినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. గంటలు గడచినకొలది సొమ్ము చేతులు మారిపోవును.

దీనికంటె భయంకరమైనది, కళాశాల విద్యార్థులకే ప్రత్యేకముగ వల వేయునది, ఖాతాను అద్దెకిచ్చుట. "నీ ఖాతాలోనికి కొంత సొమ్ము వచ్చును, దానిని మరియొక ఖాతాకు పంపుము, నీకు కొన్ని వేలు మిగులును" అని సీనియరో, వసతిగృహములో పరిచయమైన మిత్రుడో చెప్పును. ఆ సొమ్ము ఎవరో వృద్ధుని మోసగించి దోచినది. పోలీసులు వెదకుకొని వచ్చునది ఖాతా యజమాని యింటికి. ఏ.టి.ఎం. కార్డును గాని, ఖాతాతో ముడిపడిన సిమ్‌కార్డును గాని ఎంత ప్రాణస్నేహితునికైనను ఇయ్యరాదు. చదువు మానివేసి కోర్టుల చుట్టు తిరుగు దుస్థితి కొన్ని వేల రూపాయలకై తెచ్చుకొనవలసినది కాదు.

వసతిగృహములో నుండు విద్యార్థి జమాఖర్చుల పద్దు వ్రాసికొనుట మంచిదని మా పెద్దలు చెప్పినదే మేమును చెప్పుదుము. పుస్తకమైనను, ఫోనైనను సరే. ఒక నెల వ్రాసినచో సొమ్ము ఎచ్చట కారిపోవుచున్నదో తెలియును. మూడు నెలలు వ్రాసినవారు సాధారణముగ మానరు.

ఇక ఆ బాలుని సంగతి. అతడు ఫైనాన్సు సంస్థకు మరల పోలేదు. తండ్రితో కలసి ఒక బ్యాంకునకు పోయి విద్యాఋణమునకు దరఖాస్తు పెట్టెను. ముఖ్యాంశముల పత్రము తెలుగులో నిమ్మని తండ్రిచేతనే అడిగించెను. తెలుగు అచ్చు ప్రతి అచ్చట లేదు. అధికారి కొంత విసుగుకొనినను, తెలుగు వచ్చిన గుమాస్తా నొకరిని పిలిచి ప్రతి పంక్తియు చదివించి, అంకెలను తెల్లకాగితముపై తెలుగులో వ్రాయించి యిచ్చెను. తండ్రి దానిని ఇంటికి తెచ్చి రెండు రాత్రులు చూచెను. మూడవనాడు మరల పోయి, భీమా పేర చేర్చిన సొమ్మును చూపి, ఇది తప్పనిసరియా అని అడిగెను. తప్పనిసరి కాదని చెప్పి ఆ పంక్తిని కొట్టివేసి క్రొత్త పత్రమిచ్చిరి. ఆ బాలుడు ఇప్పుడు ఇంజనీరింగు మొదటి సంవత్సరములో నున్నాడు. మొదటి యేటి వడ్డీలో సగము తాను సాయంకాలములందు చిన్నపిల్లలకు లెక్కలు చెప్పి కట్టుచున్నాడట. మిగిలిన సగము నాయన.

ప్రతి శనివారము సాయంకాలము నాలుగు గంటలకు గణితపు గదిలో మేముందుము. ఇంటిలోని అప్పుకాగితము నేదైనను, పేరు కనబడకుండ మడిచి, తీసికొని రావచ్చును. తలిదండ్రులు వచ్చినను సంతోషమే.